కోనసీమలో తల్లిపాలు: పురిటి గది నుంచి అన్నప్రాశన దాకా

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, సముద్రపు ఒడ్డున ఉన్న కోనసీమలో బిడ్డకు తల్లిపాలు ఇవ్వని ఇల్లు అరుదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో తొలికాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి రావడం, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా అక్కడే ఉండటం ఇప్పటికీ ఆనవాయితీ. బాలింత చుట్టూ అమ్మ, అమ్మమ్మ, పిన్ని, పక్కింటి మామ్మగారు ఉంటారు. సలహాలకు కొదవే లేదు. అయినా ఆసుపత్రి నుంచి వచ్చిన వారం తిరక్కుండానే మందుల షాపులో పాలడబ్బా కొనే ఇళ్లు తక్కువేమీ కావు. పాలివ్వాలన్న మనసు అందరికీ ఉంది. తొలి గంటలో, తొలి వారంలో బిడ్డను రొమ్ముకు సరిగ్గా పట్టించే అనుభవమున్న చెయ్యి అందరికీ దొరకడం లేదు.

పుట్టిన గంటలోపు తొలిపాలు, ఆరు నెలలు నిండేదాకా నీళ్లు కూడా లేకుండా తల్లిపాలే, ఆ తర్వాత పైతిండితో పాటు రెండేళ్లు, ఆపైన తల్లీబిడ్డల ఇష్టం: ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. తొలి గంటలో పాలు అందిన పిల్లలు మాత్రం సగం మంది, అటూ ఇటూగా. డాక్టరు, నర్సు, మంచం, కరెంటు అన్నీ ఉన్నచోట సగం మందికి ఆ గంట దాటిపోతోందంటే కారణం వెతకాల్సిందే. అదే సర్వేలో రాష్ట్రంలో సిజేరియన్లు 42 శాతం పైచిలుకు. దేశ సగటు 21.5 శాతం. కారణంలో పెద్ద వాటా అక్కడే ఉంది.

తొలి గంట

బిడ్డను తుడిచి తల్లి పొట్టమీద బోర్లా పడుకోబెడితే, కాసేపటికి తనంతట తానే పాక్కుంటూ రొమ్ము దగ్గరికి చేరుతుంది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా పరిశోధకులు 1987లో ఈ సంగతిని వివరంగా రాసిపెట్టారు. పుట్టాక గంట, గంటన్నర బిడ్డ కళ్లు తెరిచి చురుగ్గా ఉంటుంది. తర్వాత మత్తు నిద్రలోకి జారుకుంటుంది. బరువు తూచడం, స్నానం, బట్టలు, వరండాలో బంధువులకు చూపించడం, ఇవన్నీ ఆ చురుకైన గంటనే మింగేస్తుంటాయి. తూకానికి తొందరేమీ లేదు. స్నానం మర్నాటికి వాయిదా వేసినా నష్టం లేదు.

నడుముకు మత్తుసూది ఇచ్చి చేసే సిజేరియన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది కనుక ఆపరేషన్ బల్ల దగ్గరే నర్సు బిడ్డను ఆమె చెంపకో రొమ్ముకో ఆనించి పట్టుకోవచ్చు. వార్డుకు వచ్చాక కుట్ల మీద బరువు పడకుండా పక్కకు తిరిగి పడుకుని ఇవ్వడం, లేదా కాస్త కూర్చోగలిగితే బిడ్డను చంక కిందుగా, కాళ్లు వెనక్కి ఉండేలా పట్టుకోవడం వీలుగా ఉంటాయి. దీనికి ఇంకొకరి చేతులు కావాలి. ఆ రెండు చేతులే చాలా వార్డుల్లో కొరత.

తొలి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. పసుపుపచ్చగా, చిక్కగా, చెంచాల లెక్కన వస్తాయి. అన్నేనా అని కంగారు పడనక్కర్లేదు. తొలిరోజు బిడ్డ పొట్టలో పట్టేది ఒక్కోసారికి 5 నుంచి 7 మిల్లీలీటర్లే. వాటిలో రోగనిరోధక పదార్థాలు, విటమిన్ ఎ దండిగా ఉంటాయి. లోపల పేరుకున్న నల్లటి విరేచనాన్ని అవే బయటికి పంపుతాయి, పచ్చకామెర్లు ముదరకుండా చూస్తాయి. గేదె ఈనితే దూడ కడుపునిండా తాగాకే జున్నుకు పిండుకోవాలని తెలిసిన రైతుల ఇళ్లలోనే, తల్లి ముర్రుపాలను ‘గడ్డపాలు, బిడ్డకు అరగవు’ అంటూ పిండి పారబోసిన రోజులున్నాయి. ఆ బదులు తేనె నాకించేవారు, పంచదార నీళ్లు పోసేవారు, ఆముదం చుక్క వేసేవారు. ఇప్పుడు పారబోయడం బాగా తగ్గింది గాని తేనె వేలు ఇంకా పోలేదు. తేనెలో బొట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే సూక్ష్మజీవుల బీజాలు ఉండవచ్చు కనుక ఏడాది నిండేదాకా తేనె వద్దేవద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు.

పట్టులోనే ఉంది

పాలివ్వడం ప్రకృతి సహజమే గాని, తల్లీ బిడ్డా ఇద్దరూ కొత్తవాళ్లే కాబట్టి నేర్చుకోవాల్సింది చాలా ఉంటుంది. ముందు తల్లి నడుముకు ఊతం కావాలి. గోడకు చేరగిలబడి, వీపు వెనక దిండు, ఒళ్లో మరో దిండు పెట్టుకుంటే భుజాలు లాగవు. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనాలి. తల, వీపు, నడుము ఒకే వరసలో ఉండాలి. మెడ ఒక్కటీ తిప్పి తాగమంటే పెద్దవాళ్లకైనా గుటక దిగదు. చనుమొనతో బిడ్డ పై పెదవిని తాకిస్తే ఆవలించినట్టు నోరు పెద్దగా తెరుస్తుంది. సరిగ్గా అప్పుడే బిడ్డను రొమ్ము దగ్గరికి లాక్కోవాలి. తల్లి బిడ్డ మీదికి వంగిపోకూడదు. వంగితే నాలుగు రోజులకే నడుంనొప్పి మొదలవుతుంది.

నోట్లోకి వెళ్లాల్సింది ఒక్క చనుమొన కాదు, దాని చుట్టూ ఉన్న నల్లని వలయంలో చాలా భాగం. పట్టు సరిగ్గా ఉంటే గడ్డం రొమ్ముకు ఆని ఉంటుంది, కింది పెదవి బయటికి తిరిగి ఉంటుంది, నల్లని వలయం పైవైపు కనిపించినంత కిందివైపు కనిపించదు. బుగ్గలు నిండుగా ఉంటాయి. మొదట గబగబా చీకి, పాలు రావడం మొదలవగానే నెమ్మదిగా, లోతుగా, గుటక వినిపించేలా తాగుతుంది. బుగ్గలు సొట్టలు పడుతున్నా, టిక్కు టిక్కుమని చప్పుడవుతున్నా, తల్లికి సూదులు గుచ్చినట్టు నొప్పి పుడుతున్నా పట్టు తప్పినట్టే. అలాంటప్పుడు పంటి బిగువున భరించనక్కర్లేదు. చిటికెనవేలు బిడ్డ పెదవి చివర నుంచి లోపలికి పోనిచ్చి, పట్టు వదిలించి, మళ్లీ మొదటినుంచి పట్టించాలి. ఒక్కో పూట నాలుగైదుసార్లు ఇలాగే చెయ్యాల్సి వస్తుంది.

ఇక్కడ పెద్దవాళ్లు తరచూ చెప్పే మాట, బిడ్డ ముక్కు మూసుకుపోతుందని రొమ్మును రెండు వేళ్ల మధ్య కత్తెర వేసినట్టు నొక్కి పట్టుకోమని. అలా నొక్కితే నల్లని వలయం నోట్లోకి వెళ్లదు, పాలనాళాలు నొక్కుకుపోతాయి. బొటనవేలు పైన, మిగతా నాలుగు వేళ్లు కింద, వలయానికి దూరంగా పెట్టి ఊతమిస్తే చాలు. బిడ్డ గడ్డం దగ్గరగా ఉంటే ముక్కుకు చోటు దానంతటదే దొరుకుతుంది.

లోపల జరిగే పని రెండు హార్మోన్లది. ప్రొలాక్టిన్ పాలు తయారుచేస్తుంది. రాత్రిపూట దాని మోతాదు ఎక్కువ, అందుకే రాత్రి పాలు మానేస్తే పగటి పాలూ తగ్గుతాయి. ఆక్సిటోసిన్ పాలను చేపుతుంది. బిడ్డ ఏడుపు విన్నా, ఒంటి వాసన తగిలినా రొమ్ములు చేపుకొస్తాయి. నొప్పి, భయం, ‘నీకు పాల్లేవే’ అన్న ఒక్క మాట కూడా దాన్ని కాసేపు ఆపగలవు. ఇక రొమ్ము ఎంత ఖాళీ అయితే అంతగా పాలు తయారవుతాయి. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, గడియారం చూసి కాకుండా బిడ్డ అడిగినప్పుడల్లా ఇవ్వమనడం ఇందుకే. పిడికిలి నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పుతూ వెతకడం ఆకలికి గుర్తులు. ఏడుపు చిట్టచివరి గుర్తు. అప్పటికి ఆ బిడ్డకు పట్టు నేర్పడం కష్టం.

మూడో రోజో నాలుగో రోజో పాలు పడి రొమ్ములు రాయిలా గట్టిపడతాయి. ముందు గోరువెచ్చటి గుడ్డ కాపడం, చేత్తో కాస్త పిండి వలయాన్ని మెత్తబరచడం, తర్వాత బిడ్డను పట్టించడం, తాగాక చల్లటి గుడ్డ వెయ్యడం మంచిది. చనుమొన పగిలితే పట్టు సరిచేసి, చివర్లో వచ్చే చిక్కటి పాలు ఒక చుక్క రాసి ఆరనివ్వాలి. ఒకచోట ఎర్రబడి, చలిజ్వరం వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆ వైపు పాలు ఆపనక్కర్లేదు సరికదా, ఆపితేనే గడ్డ చీము పట్టే ప్రమాదం.

‘పాలు చాలడం లేదు’

డబ్బాపాలకు దారితీసే మాట ఇదే. సాయంత్రాలు బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది, రొమ్ములు మెత్తబడ్డట్టు అనిపిస్తుంది, గంట తిరక్కుండా మళ్లీ అడుగుతుంది. రెండు మూడు వారాలప్పుడు, ఆరు వారాలప్పుడు పిల్లలు ఒక్కసారిగా ఎదుగుతూ ఇలా పదేపదే తాగడం మామూలే. ఆ రెండు రోజులు ఓపిక పడితే పాలు దానికి తగ్గట్టు పెరుగుతాయి. ఆ రెండు రోజుల్లోనే డబ్బా తెరిస్తే, బిడ్డ రొమ్ము దగ్గర తాగేది తగ్గుతుంది, తాగేది తగ్గితే తయారయ్యేదీ తగ్గుతుంది. నెల తిరిగేసరికి ‘చూశావా, నిజంగానే పాల్లేవు’ అన్నది నిజమై కూర్చుంటుంది.

చాలుతున్నాయో లేదో చూడటానికి రొమ్ము బిగువు కొలమానం కాదు. తడి గుడ్డలు లెక్కపెట్టాలి: ఐదో రోజు దాటాక రోజుకు కనీసం ఆరు. రెండోది బరువు. పుట్టిన తొలి రోజుల్లో ఏడు నుంచి పది శాతం దాకా తగ్గినా, రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు రావాలి. ఈ రెండూ సరిగ్గా ఉంటే, ఎవరేమన్నా బిడ్డ కడుపు నిండుతున్నట్టే. ఇవి సరిగ్గా లేకపోతే మాత్రం ఇంటి వైద్యాలతో రోజులు గడపకుండా డాక్టరుకు చూపించాలి. నిజంగా పాలు తక్కువ పడే తల్లులు కొద్దిమంది ఉంటారు. వాళ్లకు డాక్టరు చెప్పిన మేరకు పోతపాలు ఇవ్వడం తప్పేమీ కాదు, అందులో సిగ్గుపడాల్సిందీ లేదు.

మే నెల ఉక్కపోతలో ‘బిడ్డ గొంతెండిపోతుంది, రెండు చెంచాల నీళ్లు పొయ్యండి’ అనని పెద్దలు కోనసీమలో ఉండరు. తల్లిపాలలో 87, 88 శాతం నీళ్లే. పైనీళ్లు అక్కర్లేదు, వాటితో పాటు విరేచనాలూ రావచ్చు. గ్రైప్ వాటర్ సంగతీ అంతే. పాలకు దిష్టి తగులుతుందని కొంగు కప్పుకోవడం మటుకు హాయిగా కొనసాగించవచ్చు. ఆ చాటున తల్లికి కాస్త ఏకాంతం దొరుకుతుంది.

ఉగ్గుగిన్నె

పాత ఇళ్ల ఇత్తడి సామాన్లలో ముక్కులాంటి కొసతో ఒక చిన్న గిన్నె ఉంటుంది. ఉగ్గుగిన్నె. మేనమామలు వెండిది చేయించి ఇవ్వడమూ ఉంది. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టి చీకే బలం లేని పిల్లలకు పిండిన తల్లిపాలు పట్టడానికి నవజాత శిశు విభాగాల్లో ఇప్పుడు వాడేది ఇంచుమించు ఇదే రూపం. ఆసుపత్రి భాషలో పాలాడై. బిడ్డను కాస్త నిటారుగా ఒళ్లో పెట్టుకుని, కొసను పెదవి పక్కగా ఆనించి, మింగాక మరో చుక్క అన్నట్టు వంచాలి. సీసా కంటే ఇది మేలు. రబ్బరు పీక సందుల్లో పాలు పేరుకున్నట్టు ఇందులో పేరుకోవు, మరగబెట్టడం తేలిక. బిడ్డ రబ్బరుకు అలవాటుపడి రొమ్ము వద్దనడం కూడా ఉండదు. ఇదే గిన్నెతో వసకొమ్ము అరగదీసి పోయడం వేరే సంగతి. అది ఆరు నెలలలోపు పనికిరాదు.

ఇలా తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు రెండో అండ తల్లి ఒంటి వెచ్చదనం. 1978లో కొలంబియాలోని బొగొటా డాక్టర్లు ఇంక్యుబేటర్ల కొరతలో మొదలుపెట్టిన కంగారూ పద్ధతి ఇప్పుడు మన ఆసుపత్రుల్లోనూ ఉంది. బిడ్డను బట్టల్లేకుండా తల్లి గుండెల మీద నిటారుగా ఆనించి కట్టుకోవడమే అది. తండ్రీ చెయ్యవచ్చు. తల్లిపాలు అందని పసికందుల కోసం పాల బ్యాంకులు వచ్చాయి. ఆసియాలో మొదటిది 1989లో ముంబై సయన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ నెలకొల్పింది. హైదరాబాదు నిలోఫర్ ఆసుపత్రిలో ‘ధాత్రి’ 2017లో మొదలైంది. దాతల పాలను 62.5 డిగ్రీల దగ్గర అరగంట కాచి, పరీక్షించాకే వాడతారు.

పత్యం, బియ్యం, ఒక పాత జబ్బు

బాలింత తిండి కోనసీమలో ఒక శాస్త్రమంత ఉంటుంది. శొంఠి, పిప్పళ్లు, వాము, బెల్లం వేసి దంచిన కాయం ఉండలు, వెల్లుల్లి కారం, తెలగపిండి మునగాకు కూర, పచ్చి బొప్పాయి, చేపలు తినే ఇళ్లలో సొరపిట్టు. ఇవన్నీ పాలు పడటానికే అంటారు. ఇవి నేరుగా పాలు పెంచుతాయనడానికి గట్టి ఆధారం లేదు, కానీ తిండిగా చూస్తే చాలావరకు మంచివే. తెలగపిండిలో మాంసకృత్తులు, కాల్షియం ఉంటాయి. మునగాకులో ఇనుము, విటమిన్ ఎ. సొరల్లో పెద్దవాటిలో పాదరసం ఎక్కువ కాబట్టి చిన్న చేపలు మేలు. వేలెత్తి చూపాల్సింది పత్యంలోని ‘వద్దు’లను: పప్పు వద్దు, పెరుగు వద్దు, నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట వస్తుంది, రాత్రి అన్నం వద్దు. తొలి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు అదనంగా 600 కిలోకేలరీలు కావాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. పత్యం కొన్నిచోట్ల ఉన్న తిండిని కూడా తగ్గిస్తోంది.

దీనికి ఈ నేలమీదే ఒక చేదు చరిత్ర ఉంది. గోదావరి డెల్టాతో సహా ఉత్తర సర్కారు జిల్లాలు ఒకప్పుడు బెరిబెరికి పేరుపడ్డాయి. మరపట్టించిన తెల్లటి పచ్చిబియ్యంలో తవుడుతో పాటు థయమిన్ పోతుంది. అన్నం తప్ప మరొకటి పెద్దగా తినని బాలింత పైకి బాగానే కనబడినా ఆమె పాలలో థయమిన్ అడుగంటుతుంది. రెండు మూడు నెలల బిడ్డ గొంతు బొంగురుపోయి, ఆయాసపడుతూ, గంటల్లో గుండె ఆగి పోయేవాడు. రాబర్ట్ మెకారిసన్ 1918లో కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక గదిలో బెరిబెరి మీద పరిశోధన ప్రారంభించాడు. ఆ గదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు తెచ్చుకుంది. బాలింతకు పప్పు పెట్టొద్దనే ఇంట్లో ఈ కథ ఒకసారి చెప్పడం మంచిది.

గడప దాటిన సాయం

కాన్పయ్యాక ప్రభుత్వ ఆసుపత్రి నుంచి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనం ఇంటి దగ్గర దించుతుంది. ఆ తర్వాత రావలసింది ఆశా కార్యకర్త. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి వచ్చి బిడ్డ బరువు, ఒంటి వేడి, పాలు తాగే తీరు చూడాలన్నది 2011 నుంచి ఉన్న నియమం. ఇందులో మూడో రోజు రాక అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే పాలు పడేది, రొమ్ములు గట్టిపడేది, డబ్బా మాట పుట్టేది అప్పుడే. ఆమె బరువు తూచి, పుస్తకంలో రాసుకుని వెళ్లిపోకుండా ఒక్కపూట పాలివ్వడం పక్కన కూర్చుని చూస్తే సగం చిక్కులు అక్కడే విడిపోతాయి. 2016లో కేంద్రం మొదలుపెట్టిన ‘మా’ కార్యక్రమం ఆశాలకు, నర్సులకు నేర్పమన్నదీ ఈ నైపుణ్యమే. అంగన్‌వాడీలో బాలింతకు బిడ్డ ఆరో నెల దాకా పోషకాహారం అందుతుంది.

పాలడబ్బాల వ్యాపారానికి 1992 చట్టం కళ్లెం వేసింది. 2003లో దాన్ని బిగించారు. రెండేళ్లలోపు పిల్లల పాలపొడులకు, సీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదు, ఉచిత నమూనాలు పంచకూడదు, ఆసుపత్రి సిబ్బందికి కానుకలు ఇవ్వకూడదు, డబ్బా మీద పాపాయి బొమ్మ వెయ్యకూడదు.

ప్రసూతి సెలవు చట్టానికి 2017లో చేసిన సవరణతో తొలి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది. అది ఉద్యోగులకు. కొబ్బరిపీచు పనికి, రొయ్యల షెడ్లకు, నాట్లకు వెళ్లే ఆడవాళ్లకు సెలవు అన్న మాటే వర్తించదు. మాతృవందన పథకం కింద తొలి కాన్పుకు వచ్చే 5,000 రూపాయలు కొంత ఆసరా. పొద్దున్నే శుభ్రమైన స్టీలు గిన్నెలో చేత్తో పాలు పిండి, మూతపెట్టి, నీడన పెట్టి వెళితే ఈ ఎండల్లో నాలుగు గంటల దాకా వాడుకోవచ్చు. ఫ్రిజ్‌లో అయితే ఒక రోజు. మరగబెట్టకూడదు, గిన్నెను వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చగా చెయ్యాలి.

కోనసీమలో కనిపించే మరో పరిస్థితి గల్ఫ్ వలస. కువైట్, ఒమన్ వంటి చోట్లకు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు రాజోలు, అమలాపురం వైపు ఊరూరా ఉంటారు. చంటిపిల్లను అమ్మమ్మ చేతిలో పెట్టి విమానమెక్కే తల్లికి పాలు తగ్గించుకునే పద్ధతి, అమ్మమ్మకు పాలపొడి కొలతలు, గిన్నెలు మరగబెట్టడం ముందుగా నేర్పాలి. డబ్బు ఆదా అని పొడి పలచగా కలిపితే బిడ్డ చిక్కిపోతుంది. ఇటువైపు నుంచి అమెరికా వెళ్లే అమ్మమ్మల కథ వేరు. కూతురి కాన్పుకు సూట్‌కేసులో కాయం సర్దుకుని వెళతారు. అక్కడ 2010 నాటి ఆరోగ్య బీమా చట్టం పుణ్యమాని బీమా కింద పాలుపిండే మిషను, పాలిచ్చే తీరు నేర్పే నిపుణురాలు దొరుకుతారు. ఆ నిపుణురాలు కూతురికి దిండ్లు సర్దుతుంటే చూసిన అమ్మమ్మ తిరిగొచ్చి కోడలికి అవే సర్దడం కద్దు.

వరద రోజుల్లో

తల్లిపాల వారోత్సవాలు ఏటా ఆగస్టు 1 నుంచి 7 దాకా జరుగుతాయి. గోదావరి పొంగేదీ అప్పుడే. పి.గన్నవరం మండలంలోని ఊడిమూడిలంక, బూరుగులంక వంటి ఊళ్లకు వరదల్లో ఏళ్ల తరబడి పడవలే దిక్కు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలు నీట మునిగాయి. అలాంటప్పుడు శిబిరాలకు దాతలు ప్రేమగా పంపే పాలపొడి డబ్బాలు మేలుకంటే కీడే చేస్తాయి, మంచినీళ్లు, పొయ్యి లేనిచోట అవి విరేచనాలకు దారి. భయానికి తల్లి పాలు ఇంకిపోవు. చేపడం కాసేపు ఆగుతుంది, అంతే. శిబిరంలో ఒక మూల చీర కట్టి తల్లులకు చాటు కల్పించి, వాళ్లకు ముందుగా అన్నం, నీళ్లు ఇస్తే పాలు మళ్లీ వస్తాయి.

వరదల మాట అటుంచి పైతిండి మొదలుపెట్టే వేళకొస్తే, ఆరో నెలలో పెట్టే అన్నప్రాశన ముహూర్తం డాక్టర్ల లెక్కకు ఇంచుమించు సరిపోయింది. ఆడపిల్లలకు ఐదో నెలలో పెట్టే ఇళ్లవాళ్లు ఆ రోజుకు పరమాన్నం నాలుకకు తాకించి, అసలు తిండి ఆరు నిండాక మొదలుపెట్టుకుంటే సరి. ఏడో నెల నుంచి అంగన్‌వాడీలో బాలామృతం రెండున్నర కిలోల సంచి ఇస్తారు. మెత్తటి పప్పన్నం, నెయ్యి, గుడ్డు, అరటిపండు నెమ్మదిగా కలుపుతూ, పాలు మానకుండా సాగాలి. మాన్పించే రోజు వచ్చినప్పుడు వేపాకు ముద్ద పూయడం ఇక్కడి పాత ఉపాయం. రొమ్ములకు మల్లెపూలు కట్టి పాలు ఆపడం దక్షిణాదిలో మరొకటి. అది కొంత పనిచేస్తుందని 1988లో బ్రోమోక్రిప్టిన్ మాత్రతో పోల్చి చేసిన అధ్యయనం తేల్చింది. ఏదైనా ఒక్కసారిగా ఆపితే రొమ్ములు గడ్డకట్టి జ్వరం తగులుకుంటుంది. నాలుగైదు రోజులకొక పూట చొప్పున తగ్గించుకుంటూ, పడుకునే ముందు ఇచ్చే పాలు ఆఖరున మాన్పిస్తే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.